ఒకే గుడ్డ మీద ఆరుగురి చేతులు: ఆఫీసు టీములకు అద్దకం పని ఎందుకు నప్పుతుంది

ఆఫీసుల్లో టీమ్ బిల్డింగ్ పేరుతో జరిగే హస్తకళల వర్క్‌షాపులు చాలావరకు ఒకే తీరుగా నడుస్తాయి. కాన్ఫరెన్స్ హాల్లో బల్లలు వేస్తారు. ఒక్కొక్కరి ముందు ఒక మట్టి ప్రమిదో చిన్న కాన్వాసో, రెండు కుంచెలు, నాలుగు రంగు సీసాలు పెడతారు. రెండు గంటలు ఎవరి ప్రమిదకు వాళ్లు రంగులు వేసుకుంటారు. చివర్లో అందరూ వరుసగా నిలబడి ఫొటో దిగుతారు. మనసుకు హాయిగానే ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. కానీ రోజూ ఎవరి స్క్రీన్ ముందు వాళ్లు కూర్చున్నట్టే ఇక్కడ ఎవరి ప్రమిద ముందు వాళ్లు కూర్చున్నారు. టీముకు కొత్తగా ఒరిగిందేమీ లేదు.

ఏ హస్తకళను ఎంచుకోవాలన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: మధ్యలో ఒకరు లేచి వెళ్లిపోతే పక్కవారి పని ఆగుతుందా? ఆగకపోతే అది పదిమంది ఒకే గదిలో విడివిడిగా చేసుకునే పని. ఆగితేనే అది టీము పని. ఈ తేడా పట్టించుకోకుండా కళ అందాన్ని బట్టో, ఫొటోలు బాగా వస్తాయనో వర్క్‌షాపు ఎంచుకోవడం వల్లే చాలా ఖర్చు వృథా అవుతోంది.

ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన మనుషులు కలవరని సామాజిక మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో చెప్పింది. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్, ఆయన సహచరులు ఒక వేసవి శిబిరంలో పదకొండు పన్నెండేళ్ల కుర్రాళ్లను రెండు జట్లు చేశారు. పోటీలు పెట్టగానే జట్ల మధ్య వైరం ముదిరింది. దాన్ని తగ్గించడానికి రెండు జట్లనూ ఒకేచోట భోజనానికి కూర్చోబెడితే కంచాల్లోని తిండి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. శిబిరానికి నీళ్లు ఆగిపోయినప్పుడు, లారీ కదలక అందరూ కలిసి తాడుతో లాగాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ కక్ష మెల్లగా సడలింది. ఆఫీసు విందులకూ విహారయాత్రలకూ తీరని పనిని ఒక ఉమ్మడి అవసరం తీర్చగలదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

చేత్తో చేసిన వస్తువు మీద మమకారం గురించి మైకేల్ నార్టన్, ఆయన సహ పరిశోధకులు 2012లో ‘ఐకియా ఎఫెక్ట్’ పేరుతో ప్రచురించిన అధ్యయనం కూడా ఇక్కడ పనికొస్తుంది. తాము బిగించిన పెట్టెకు, తాము మడిచిన కాగితం బొమ్మకు జనం ఎక్కువ విలువ కట్టారు. అయితే పని సగంలో ఆగిపోయినా, చేసినదాన్ని విప్పేసినా ఆ మమకారం కనిపించలేదు. మూడు గంటల్లో పూర్తికాని పనిని వర్క్‌షాపుకు పెట్టకూడదనడానికి ఇదే కారణం.

కుమ్మరి సారె సరిగ్గా ఇక్కడే విఫలమవుతుంది. చూడ్డానికి అంత ఆకర్షణ ఉన్న పని మరొకటి లేదు. అందుకే హెచ్‌ఆర్ వాళ్లకు ముందుగా అదే తడుతుంది. కానీ తిరిగే మట్టిముద్దను సారె నడిమధ్యకు తెచ్చి నిలపడమనే మొదటి మెట్టుకే కొత్తవాళ్లకు వారాల సాధన కావాలి. రెండు సారెలు, ఇరవైమంది ఉంటే ఒక్కొక్కరికి దక్కేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో కుమ్మరి చేతులే కుండను లేపుతాయి, ఉద్యోగి చేతులు వాటి మీద ఉంటాయంతే. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ వరుసలో ఉంటారు. పచ్చి కుండ వారం రోజులు నీడన ఆరాలి, ఆ తర్వాత కాల్చాలి. అది తిరిగి ఆఫీసుకు చేరేసరికి ఎవరిది ఏదో గుర్తుండదు.

అద్దకం ఎందుకు

కృష్ణా జిల్లా పెడన, మచిలీపట్నం ప్రాంతపు కలంకారీ అద్దకం, అంటే చెక్క అచ్చులతో గుడ్డమీద నమూనాలు వేసే పని, ఈ అవసరానికి బాగా అమరుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో ఒకే చిత్రకారుడు వెదురు కలంతో బొమ్మ గీస్తాడు. పెడనలో పని మొదటినుంచీ చేతులు మారుతుంది. టేకు చెక్కపై అచ్చు చెక్కేవారు ఒకరు, గుడ్డ ఉతికి సిద్ధం చేసేవారు ఒకరు, అద్దేవారు ఒకరు, రంగులో ఉడకబెట్టేవారు మరొకరు. ఒకరి పొరపాటు తర్వాతివారి చేతికి వెళ్లాక గానీ బయటపడదు. ఆఫీసు పని నడిచేదీ ఇలాగే కదా!

ఇంకొక సుగుణం కూడా ఉంది. అచ్చు వేయడం పావుగంటలో వస్తుంది, కానీ పది అచ్చులు వరుస తప్పకుండా వేయడం కొత్తవాళ్లలో ఒక్కరి వల్ల కాదు. చేతి నైపుణ్యం తక్కువ చాలు, సమన్వయం మాత్రం ఎక్కువ కావాలి. టీము కోసం వెతకాల్సింది ఈ పాళ్లే.

24 మంది ఉన్న టీముకు నాలుగు బల్లలు, బల్లకు ఆరుగురు. అంతకుమించితే ఒకరిద్దరు ప్రేక్షకులైపోతారు. బల్ల ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండాలి. మామూలు ఆఫీసు బల్ల ఎత్తు 30 అంగుళాలు. నిలబడి అద్దడానికి 36 అంగుళాలైతే నడుము పట్టేయదు కాబట్టి కాళ్ల కింద ఇటుకలో చెక్క దిమ్మలో పెట్టాలి. కూర్చునే పనిచేయాల్సినవారు ఉంటే ఒక బల్లను 30 అంగుళాల దగ్గరే ఉంచాలి. బల్లమీద దుప్పటి మూడు మడతలుగా పరిచి, పైన పాత నూలు చీర బిగించాలి. ఈ మెత్త లేకపోతే అచ్చు అంచులు మాత్రమే పడి మధ్యలో తెల్లగా ఉండిపోతుంది.

గుడ్డ బల్లకు ఒకటి, మీటరున్నర పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న నూలు గుడ్డ. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. ముందురోజే సబ్బు వేసి వేడినీళ్లలో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఉంచాలి. గంజి పోని గుడ్డ మీద రంగు పైపైనే నిలిచి మొదటి ఉతుకులోనే వెలిసిపోతుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డ వద్దు. బల్లకు మూడు అచ్చులు కావాలి: 15 సెంటీమీటర్ల పొడవుండే అంచు అచ్చు ఒకటి, సుమారు 10 సెంటీమీటర్ల బుటా (గుడ్డ మధ్యలో వేసే విడి నమూనా) గీత అచ్చు ఒకటి, ఆ బుటాలో రంగు నింపే అచ్చు ఒకటి. గీత అచ్చు, నింపుడు అచ్చు ఒకే జతలోవి కావాలి. విడివిడిగా కొంటే ఒకదానిలో ఒకటి కూర్చోవు.

రంగు ట్రేలో అడుగున గోనె ముక్క, దానిమీద కంబళి ముక్క, పైన పలచటి మల్లు గుడ్డ పరవాలి. బజారులో దొరికే పిగ్మెంట్ ముద్ర రంగు చాలు. విడిగా కలిపితే కిలో బైండర్‌కు (రంగును గుడ్డకు పట్టించే జిగురు) 30 నుంచి 50 గ్రాముల పిగ్మెంట్ పడుతుంది, రంగు ఉతుకులో పోకుండా నిలిపే ఫిక్సర్ మాత్రం డబ్బా మీద చెప్పినంతే కలపాలి. గీత రంగు బల్లకు పావుకిలో, నింపుడు రంగు 150 గ్రాములు ఉంచుకోవాలి. ఇందులో మొదటి వంద గ్రాములు గుడ్డమీదకు రావు, ట్రేలోని గోనె, కంబళి తాగేస్తాయి. ఈ లెక్క తెలియక తక్కువ రంగు తెచ్చుకుని సగంలో వెతుక్కోవడం తరచూ జరిగే పొరపాటు.

మూడు గంటల పని

మొదటి 20 నిమిషాలు అద్దకందారు చేసి చూపిస్తారు. తర్వాత 15 నిమిషాలు పాత గుడ్డమీద సాధన. ఆపైన 25 నిమిషాలు నమూనా నిర్ణయించుకుని గుడ్డమీద గీతలు కొట్టుకోవాలి. ఈ 25 నిమిషాలను కుదించాలని అందరూ తొందరపడతారు, అది ఒప్పుకోకూడదు. తర్వాత 45 నిమిషాలు మొదటి విడత అద్దకం, 10 నిమిషాలు టీ, మరో 45 నిమిషాలు రెండో విడత, చివరి 20 నిమిషాలు అచ్చులు కడగడం.

ఆరుగురిలో ఒకరు కొలత చూస్తారు. ఇద్దరు అచ్చు వేస్తారు, ఒకరు అంచు, ఒకరు బుటా. ఒకరు గుడ్డ ఎత్తుకు వంగి అచ్చు జాడ ముందరి జాడతో కలుస్తోందో లేదో చూసి చెబుతారు. ఒకరు ట్రేలో రంగు సమంగా పరిచి, పది పదిహేను అద్దకాలకొకసారి అచ్చు గాడుల్లో పూడిన రంగును బ్రష్‌తో తీస్తారు. ఆరోవారు చేసిన ప్రతి నిర్ణయాన్నీ రాస్తారు. ప్రతి 15 నిమిషాలకు స్థానాలు మారాలి.

ఈ వర్క్‌షాపుకు ప్రాణం టీ విరామం దగ్గర ఉంది. విరామం తర్వాత ఎవరూ తమ గుడ్డ దగ్గరికి తిరిగి వెళ్లరు. ఒకటో బల్లవాళ్లు రెండో బల్లకు, రెండోవాళ్లు మూడో బల్లకు జరుగుతారు. మొదటి విడతలో బుటా గీతలు, సగం అంచు మాత్రమే అవుతాయి. నింపుడూ మిగతా అంచూ కొత్తగా వచ్చినవాళ్లు పూర్తిచేయాలి. వాళ్లకు దొరికేది ముందరి జట్టు రాసిపెట్టిన అరపేజీ కాగితం ఒక్కటే. మొదటి అయిదు నిమిషాలు దాన్నిబట్టే పని అర్థం చేసుకోవాలి. ఆ తర్వాతి అయిదు నిమిషాలు మాత్రమే పాత జట్టును పిలిచి అడగొచ్చు.

ఆ కాగితాల్లో దాదాపు ఖాయంగా మూడు విషయాలు ఉండవు. అచ్చుకు పైభాగం ఏది, అంచు ఏ మూల నుంచి మొదలైంది, మూల తిరిగేచోట అచ్చును ఎలా ఆపాలి. రాసినవాళ్లకు అవి కళ్లముందే ఉన్నాయి కాబట్టి రాయాలన్న ఆలోచనే రాదు. ఒక షిఫ్టు నుంచి ఇంకో షిఫ్టుకు, డెవలపర్ నుంచి టెస్టర్‌కు, సేల్స్ నుంచి సర్వీసుకు పని చేతులు మారేటప్పుడు జారిపోయేవీ ఇలాంటివే. ఉపన్యాసం వింటే తలూపి మర్చిపోయే ఈ సంగతి, తలకిందులుగా పడిన మామిడి పిందె బుటాను గుడ్డమీద చూసినప్పుడు బాగా నాటుకుంటుంది.

ఎక్కడ తేడా వస్తుంది

అన్నిటికంటే విలువైన పొరపాటు అంచు వరుసలో జరుగుతుంది. 150 సెంటీమీటర్ల పొడవున 15 సెంటీమీటర్ల అచ్చు పదిసార్లు పడుతుంది. ప్రతిసారీ ముందరి జాడను చూసే తర్వాతిది వేస్తారు. ఒక్కోదానికి 2 మిల్లీమీటర్లు జరిగితే ఏ జంటను విడిగా చూసినా తప్పు కనబడదు. పదోది వేసేసరికి మాత్రం అంచు దాదాపు 2 సెంటీమీటర్లు పక్కకు పోయి ఉంటుంది. నేర్పున్న అద్దకందారు ముందరి జాడను చూస్తూనే మొత్తం గీతనూ చూస్తారు. దీనికి మందు సులువే: అద్దకం మొదలుకాక ముందే రెండు కొసల మధ్య దారం లాగి, సుద్ద పూసి, కొట్టి గీత పడేలా చేయాలి. వరుస మధ్యనుంచి మొదలుపెట్టి రెండువైపులా పోతే పోగయ్యే తప్పు సగానికి తగ్గుతుంది. తొందరలో గీత కొట్టని జట్టు ఏదో ఒకటి ఉంటుంది. నాలుగు గుడ్డలూ పక్కపక్కన పెట్టినప్పుడు ఆ గుడ్డే అందరికీ ఎక్కువ నేర్పుతుంది, కనుక దాన్ని ముందే సరిదిద్దకూడదు.

గీతలు పూడిపోయి మచ్చలా పడితే ట్రేలో రంగు ఎక్కువైందని అర్థం. అచ్చును ట్రేకు గట్టిగా ఒత్తకుండా రెండుసార్లు తేలిగ్గా ఆనించాలి. గుడ్డమీద పెట్టాక అరచేతి మడమతో ఒక్క దెబ్బ చాలు. పెట్టిన అచ్చును జరిపితే జాడ రెండుగా పడుతుంది. మొదటి రంగు ఆరకుండా నింపుడు వేస్తే రెండూ కలిసి అలుక్కుపోతాయి. పిగ్మెంట్ రంగు తాకితే అంటకుండా ఆరడానికి పది పదిహేను నిమిషాలు కావాలి. టీ విరామాన్ని అక్కడ పెట్టింది ఇందుకోసం కూడా. అద్దేటప్పుడు ఫ్యాన్లు ఆపాలి, లేకపోతే గాలికి ట్రే, అచ్చు ఎండి రంగు గాడుల్లో గట్టిపడుతుంది. విరామంలో ఫ్యాన్లు గుడ్డలవైపు తిప్పాలి. పట్టుచీరల్లో, కొత్త చొక్కాల్లో వచ్చినవారు పనికి దూరంగా నిలబడిపోతారు కాబట్టి పాత బట్టల సంగతి రెండురోజుల ముందే చెప్పాలి.

మనుషుల వైపు నుంచి వచ్చే చిక్కు మరొకటి. మొదటి అచ్చు మేనేజరుగారు వేయడం, మిగతావాళ్లు చప్పట్లు కొట్టడం మన ఆఫీసుల్లో అలవాటు. ‘సార్, మీరు మొదలుపెట్టండి’ అన్న ఒక్క మాటతో గదిలో మళ్లీ పాత వరుసే కూర్చుంటుంది. పైస్థాయివారిని మొదటి 15 నిమిషాలు ట్రే దగ్గర నిలబెట్టడం మంచిది. రంగు అందించడం సేవకుడి పనిలా కనిపిస్తుంది గానీ, ఆ చేయి ఆలస్యమైతే బల్లంతా ఆగుతుంది. మీటింగుల్లో పెదవి విప్పనివారికి జాడ చూసే స్థానం ఇవ్వాలి. అక్కడ ‘ఆగండి, పక్కకు పోయింది’ అని చెప్పడమే వాళ్ల పని. పదవిని చూసి మౌనంగా ఉంటే గుడ్డ పాడవుతుంది. హైదరాబాద్ ఆఫీసుల్లో తెలుగు రానివారు చాలామంది ఉంటారు, పెడన నుంచి వచ్చే అద్దకందారు మాట్లాడేది తెలుగు. కంపెనీ వాళ్లు బయటినుంచి యాంకర్‌ను తెచ్చి మధ్యలో పెడతారు. దానికన్నా టీములోని తెలుగువాళ్లే బల్లకొకరు చొప్పున మాట అందిస్తే మేలు.

సహజ రంగు కావాలంటే

కలంకారీ అసలు రసాయనం ఒక భాగం ఆఫీసులో చూపించవచ్చు, అంతా కాదు. కరక్కాయలో వగరునిచ్చే టానిన్‌తో ఇనుము కలిస్తే నల్లరంగు వస్తుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు ఊరబెట్టిన ద్రావణం అద్దకందారే తెస్తారు. కిలో గుడ్డకు 150 నుంచి 200 గ్రాముల కరక్కాయ పొడి నీళ్లలో కలిపి, గుడ్డను అరగంట నానబెట్టి, ఉతక్కుండా పిండి ఎండబెట్టాలి. లేత పసుపు రంగుకు వచ్చిన ఆ గుడ్డమీద ఇనుప ద్రావణం అద్దితే, లేతగా పడిన జాడ కళ్లముందే నల్లబడుతుంది. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు కూడా పిల్లల్లా వంగి చూసే ఘట్టమది. ద్రావణంలో తుమ్మబంక కలిపి చిక్కబరచకపోతే జాడ పాకిపోతుంది. పులిసిన వాసన ఉంటుంది కాబట్టి ఏసీ గదిలో వద్దు, వరండాలోనో మేడమీదో పెట్టుకోవాలి. ఎరుపు జోలికి పోవద్దు. పటిక అద్దిన గుడ్డను రంగులో ఉడకబెట్టి, పారే నీటిలో జాడించాలి. అది పెడనలోనే చూడదగ్గ పని.

ఖర్చు పెట్టలేని చిన్న ఆఫీసులకు చుక్కల ముగ్గు ఉంది. ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అన్న లెక్కలో మొత్తం 169 చుక్కలు వస్తాయి. చుక్కకూ చుక్కకూ ఆరంగుళాల దూరం పెడితే నడిమి వరుస ఏడడుగులుంటుంది. చుట్టూ ఆరుగురు కూర్చుని తలో భాగం వేసుకురావచ్చు. ఒకరు ఒక్క చుక్క తప్పితే ఎదుటివారి గీత కలవదు. సంక్రాంతికి ఆడవాళ్లు ముగ్గుల పోటీ పెట్టుకోవడం, మగవాళ్లు ఫొటోలు తీయడం అన్న ఆనవాయితీని మాత్రం పక్కనపెట్టి, జట్లను కలిపి వేయాలి. కొండపల్లి బొమ్మల పద్ధతి కూడా బాగానే నడుస్తుంది. తెల్లపొణికి చెక్కతో విడిగా చేసిన భాగాలను అతికి, రంగులు వేసి ఒక ఊరి దృశ్యం అమర్చవచ్చు. చెక్కే పని మాత్రం కళాకారులకే వదలాలి. కొత్తవాళ్ల చేతికి ఉలి ఇస్తే వేళ్లు తెగుతాయి.

కళాకారుడి లెక్క

కంపెనీలు ‘మూడు గంటల సెషన్’కు ధర అడుగుతాయి. అద్దకందారుకు అది మూడు గంటలు కాదు. గుడ్డలు ఉతికి, అచ్చులు ఎంచి, రంగులు కలిపి సర్దుకోవడానికి ఒక రోజు, ప్రయాణంతో కలిపి సెషన్‌కు ఒకటిన్నర రోజు, తిరిగి వెళ్లి సామాను శుభ్రం చేసుకోవడానికి సగం రోజు, అంటే మూడు రోజుల కూలి. బల్ల బల్లకూ తిరగడానికి ఒక సహాయకుడు కూడా వస్తారు కాబట్టి ఇద్దరి కూలి లెక్క. పైన సామాను, రైలు లేదా బస్సు ఛార్జీలు, బస. గుడ్డ, రంగులు ముందే కొనాలి గనుక సగం సొమ్ము ముందుగా ఇవ్వాలి. మిగతాది అదే రోజు చేతికందాలి. నలభై అయిదు రోజుల చెల్లింపు నిబంధన పెద్ద సరఫరాదారులకు నప్పుతుందేమో గానీ, రోజు పనితో బతికేవారికి అది అప్పు చేయించడమే. ఈవెంట్ సంస్థ ద్వారా పిలిస్తే అందులో కళాకారుడికి ఎంత చేరుతుందో రాతపూర్వకంగా అడగడం కంపెనీ బాధ్యత. పగిలిన అచ్చుకు పరిహారం కూడా ఒప్పందంలోనే రాసుకోవాలి. టేకు అచ్చు చెక్కడానికి రోజులు పడతాయి. కడిగేటప్పుడు నీళ్లలో నానబెట్టి వదిలేస్తే చెక్క ఉబ్బి, ఆరాక చీలుతుంది. వెంటనే బ్రష్‌తో కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టాలి.

వర్క్‌షాపు పనిరోజున, పనివేళల్లోనే పెట్టాలి. శనివారం పిలిస్తే అందరూ వస్తారు గానీ మనసు ఇంటిదగ్గరే ఉంటుంది. జీతాల అసంతృప్తి, మోయలేని పనిభారం, ఒక మనిషి వల్ల మిగతావాళ్లు పడే వేధింపు ఉన్నచోట దీన్ని మందుగా వాడితే ఎదురు తిరుగుతుంది. అలాంటి టీముకు ముందు జరగాల్సింది ఆ సమస్య మీద చర్య. కొత్తగా చేరినవారు ఎక్కువున్న టీము, రెండు విభాగాలు కలిసి ఒకటైన టీము, వేర్వేరు ఊళ్లలో ఉండి స్క్రీన్ మీదే పరిచయమున్న టీము, వీటికి ఇది బాగా పనికొస్తుంది.

అద్దిన గుడ్డలు ఒక రోజంతా ఆరాక తిరగేసి, ఆవిరి లేకుండా వేడి ఇస్త్రీ పెట్టెతో ఒక్కో చోట కొద్దిసేపు ఆపుతూ గుడ్డంతా రుద్దాలి. అప్పుడే రంగు నిలుస్తుంది. మూడు రోజులు గడిచేదాకా ఉతకకూడదు. తర్వాత నాలుగింటినీ ఒకదాని కిందొకటి కుట్టించి టీము కూర్చునేచోట వేలాడదీయవచ్చు. పక్కకు పోయిన అంచును అలాగే ఉంచాలి. అడుగున చిన్న గుడ్డపట్టీ మీద ఏ గుడ్డను ఎవరు మొదలుపెట్టారో, ఎవరు పూర్తిచేశారో, అచ్చు నేర్పిన అద్దకందారు పేరు, ఆయన ఊరి పేరుతో సహా రాయించాలి.